మంచి కాలు

"బోర్లా తిరుగు నాయనా," అన్నాడు సూదిసారు.

డ్రైవరు తిరగడానికి నానా తంటాలు పడ్డాడు. ఆపరేషన్ బల్ల సన్నంగా ఉంది, మనిషి చూస్తే భారీగా ఉన్నాడు. నర్సు ఒక చెయ్యి అతని భుజం కిందా, ఇంకో చెయ్యి నడుం కిందా పెట్టి మెల్లగా దొర్లించింది. అతని మొహం దిండులో కూరుకుపోయింది.

"రివర్సు గేరు మాత్రం జాగ్రత్తగా వెయ్యాలమ్మా. వెనకేముందో కనపడదు," అన్నాడు దిండులోంచి.

"కనపడకపోయినా ఫర్వాలేదు, మేమున్నాంగా," అంది నర్సు.

పొద్దున వార్డులో కూడా అతను అలాగే నవ్వించాడు. ఎడమ చీలమండలో ఎప్పుడో ఊడిపడ్డ ఎముక ముక్క ఒకటుంది. క్లచ్ తొక్కినప్పుడల్లా పొడుస్తోంది. దాన్ని తీసేస్తారు. "క్లచ్ కాలు మీకు అప్పజెప్తున్నా. బ్రేకు కాలు నిక్షేపంలా ఉంది, దాని జోలికి పోకండి," అన్నాడు. అతని భార్య పక్కన నిలబడి, "నీ నోటికి కూడా వేస్తారేమో అడుగు ఆ మత్తు," అంది. మనిషి పీలగా ఉన్నా మాట గట్టిది.

ఇలాంటి ఆపరేషనుకి మనిషంతటినీ నిద్రపుచ్చక్కర్లేదు. కాలిని నిద్రపుచ్చితే చాలు. మోకాలి వెనక గుంటలో, పిక్కకి కాస్త పైన, పెద్ద నరం రెండుగా చీలుతుంది. ఆ చీలే చోట నరం చుట్టూ మందు పోస్తే మోకాలి కింద నుంచి కాలు మొద్దుబారిపోతుంది. నరం పైకి కనపడదు కాబట్టి స్కానింగు యంత్రం పెట్టుకుని, తెర మీద చూస్తూ సూది దించాలి. ఆ పనిలో సూదిసారుని మించినవాడు లేడని థియేటర్లో అందరూ అంటారు. ఆ పేరు ఆయనకి వాళ్ళు పెట్టిందే. ఆయనకీ తెలుసు, తెలియనట్టు ఉంటాడు.

యంత్రం ఎప్పుడూ గోడ వైపే ఉంటుంది. దాని వైరు పొట్టిది, ప్లగ్గు అక్కడ తప్ప ఇంకెక్కడా అందదు. అందుకని డాక్టరు స్టూలూ అటే, సూదుల ట్రే కూడా అటే. మనిషి వెల్లకిలా ఉంటే గోడ వైపుకి వచ్చేది ఎడమ కాలు. బోర్లా తిరిగితే కుడి కాలు. ఎడమ కాలికి పొద్దున పెన్నుతో గీసిన గుర్తు మోకాలి కింద ముందు వైపు ఉంది, ఇప్పుడది పరుపుకి అంటుకుని ఉంది. పై నుంచి దుప్పటి.

సూది వేసేముందు ఒక్క క్షణం ఆగి, ఏ కాలో పైకి చెప్పుకోవాలి. ఆ అడిగే బాధ్యత నర్సుది. ఆమె జెల్ సీసా మూత తీస్తూ నోరు తెరిచింది.

"సార్, ఏ కాలో ఒకసారి..."

"అమ్మాయ్, నువ్వలా అడుగుతూ కూర్చో. బయట ఎముకల డాక్టరు గడియారం చూసుకుంటూ నా ప్రాణం తోడేస్తున్నాడు. గుర్తు పెట్టింది నేనేగా?" అని ఆయన దుప్పటి అంచు పైకి లాగాడు. చేతికందిన కాలే బయటపడింది. "తుడువు."

ఆమె తుడిచింది. మోకాలి వెనక చర్మం మీద చల్లటి మందు పూసి, చుట్టూ ఆకుపచ్చ గుడ్డ పరిచింది. డ్రైవరుకి అప్పటికే సెలైన్లోంచి కాస్త నిద్రమందు ఎక్కింది. తెర మీద నరం తేనెపట్టు ముక్కలా గుండ్రంగా, తెల్లగా కనిపించింది. సూది పక్కనుంచి సన్నటి గీతలా వచ్చి దాని అంచున ఆగింది.

"లాగు."

ఆమె సిరంజి వెనక్కి లాగింది. రక్తం రాలేదు.

"తొయ్యి."

ఆమె తోసింది. తెర మీద నరం చుట్టూ నల్లగా మందు పరుచుకుంటోంది. డ్రైవరు దిండులో కదిలాడు. "అది కాదమ్మా..." అన్నాడు ముద్దగా.

ఆమె బొటనవేలు సిరంజి మీద ఆగింది.

"ఏది కాదో వాడికే తెలీదు, మత్తులో ఉన్నాడు," అన్నాడు సూదిసారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "తొయ్యి, తొయ్యి. చూడు, ఎంత ముచ్చటగా చుట్టుకుంటోందో!"

నిజంగానే ముచ్చటగా చుట్టుకుంది. ఆమె చివరి చుక్క దాకా తోసింది.

అతన్ని మళ్ళీ వెల్లకిలా తిప్పి, కాలు శుభ్రం చేశాక, ఎముకల డాక్టరు పటకారుతో ఎడమ పాదం మీద గిల్లి చూశాడు. డ్రైవరు నిద్రలోంచి కెవ్వుమన్నాడు.

సూదిసారు ఆ పాదం వంక చూశాడు. తర్వాత రెండో పాదం వంక. ఆ తర్వాత నర్సు వంక. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. ఆ కళ్ళు ఆమెని అడిగిందేమిటో చెప్పడానికి మాటలక్కర్లేదు.

"సరిగ్గా పట్టలేదు," అన్నాడు ఆయన ఎముకల డాక్టరుతో. "ఇంకో డోసు వేస్తాను, కాస్త ఆగండి."

ఎడమ మోకాలు పైకెత్తి, కింద నుంచి సూది వేశాడు. మొత్తం డోసు మించకుండా ఈసారి మందు తక్కువ పోశాడు. ఈసారి ఆమె అడగలేదు, అడగాల్సిన అవసరం లేకపోయింది.

చేతులు కడుక్కునే తొట్టి దగ్గర ఆయన ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటూ తగ్గు గొంతుతో చెప్పాడు. "ప్రాణం మీదకి వచ్చేదేం కాదు. రేప్పొద్దుటికి దిగిపోతుంది. చెప్పి పేషెంటుని హడలగొట్టి మనం సాధించేదేముంది? సూది పట్టుకోవడం నీకు నేర్పింది నేను. నీ పేరు కూడా బయటికొస్తుందని నాకు బాధ. తోసింది నువ్వే కదా."

ఆఖరి మాట అంటున్నప్పుడు కూడా గొంతులో కోపం లేదు. కన్నబిడ్డకి నచ్చజెప్పినట్టే చెప్పాడు.

ఆపరేషను అయ్యాక కాసేపటికి డ్రైవరుకి పూర్తిగా తెలివొచ్చింది. "నర్సమ్మా, బ్రేకు కాలు కూడా దిమ్మెక్కిందేంటి? వేళ్ళు కదలడం లేదు," అన్నాడు.

"మందు ఒక్కోసారి అటు కూడా పాకుతుంది. తగ్గిపోతుందిలే," అంది ఆమె. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకే తెలీదు. అంత తేలిగ్గా వచ్చింది.

"నువ్వు చెప్పాక ఇంకేముంది," అని అతను కళ్ళు మూసుకున్నాడు.

వార్డులో అప్పగించేటప్పుడు రోజూ చెప్పే మాటలే చెప్పింది. ఎడమ కాలికి మత్తు. ఆ కాలు నేల మీద పెట్టనివ్వద్దు. వార్డు సిస్టర్ తల ఊపి, మంచం దగ్గరికి వెళ్ళి, అందరికీ చెప్పినట్టే గట్టిగా చెప్పింది. "లేవాలనిపిస్తే ఆపరేషనయిన కాలు దించకు. మంచి కాలి మీద బరువెయ్యి. తెలిసిందా?"

"తెలిసింది సిస్టర్. మంచి కాలి మీద."

నర్సు లిఫ్టు ముందు నిలబడి ఆ మాట వింది. వెనక్కి తిరగాలనుకుంది. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి, లోపలున్నవాళ్ళు ఆమెకి చోటిచ్చారు.

మర్నాడు పొద్దున ఆమె చెప్పులు మార్చుకుంటుంటే వార్డు సిస్టర్ ఎదురొచ్చింది. రాత్రి డ్యూటీవాళ్ళు రాలేదని సాయంత్రం నుంచీ తనే ఉంది, కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నీ డ్రైవరు పడ్డాడు. నిన్న చీకటి పడే వేళకి. మంచం దిగి, మంచి కాలి మీద నిలబడబోయి, ఆ పాదం వంకరపోయి కూలబడ్డాడు. చీలమండ రెండు వైపులా విరిగింది."

"ఏ కాలు?" అంది నర్సు. నిన్న అడగాల్సింది ఈ రోజు నోట్లోంచి ఊడిపడింది.

"కుడి. ఖర్మ చూడు. ఎడమ కాలు భద్రంగానే ఉంది."

ఎలా జరిగి ఉంటుందో నర్సుకి కళ్ళకి కట్టింది. మోకాలి కింద మాత్రమే మొద్దుబారుతుంది. తొడ కదులుతుంది, మోకాలు వంగుతుంది. మంచం మీద కాలెత్తి చూసుకుని, బాగానే ఉందనుకుంటాడు మనిషి. నేల మీద పెట్టాక గానీ కింద పాదం లేదని తెలీదు.

వార్డు బయట బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. ఎదురుగా ముసలావిడ, డ్రైవరు తల్లి, నిలబడి దులిపేస్తోంది. అటూ ఇటూ పోయేవాళ్ళు నడక తగ్గించి మరీ వింటున్నారు.

"నీ చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళాను కదే! ఒక్క పూట! ఒక్క పూట మొగుణ్ణి కనిపెట్టుకుని ఉండలేకపోయావా? షికారుకెళ్ళావా?"

"సిస్టరే మందుల షాపుకి పంపింది అత్తా. అక్కడ జనం ఉన్నారు."

"ఏంటి గొణుగుతావ్? జనం ఉన్నారంట! నీకు జనం కావాలి, మొగుడెందుకు! ఒంటి కాలితో పోయేవాణ్ణి రెండు కాళ్ళూ లేకుండా చేశావ్. ఇక బస్సెవరు తోల్తారు, నువ్వు తోల్తావా?"

నిన్న మొగుడి నోటికి మత్తు వెయ్యమన్న మనిషి ఇవాళ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటి వంకే చూస్తూ కూర్చుంది. నర్సు కనపడగానే చటుక్కున లేచి నిలబడింది.

"నర్సమ్మా, ఆయన నాతో మాట్లాడడం లేదు. మీ మాటంటే ఆయనకి గురి. కాస్త చెప్పరూ? కావాలని వెళ్ళలేదని చెప్పండి."

"చెప్తానక్కా," అంది నర్సు.

మధ్యాహ్నం సూపరింటెండెంటు గదిలో అందరినీ కూర్చోబెట్టారు. ఫ్యాను శబ్దానికి మాటలు సరిగ్గా వినపడక సూపరింటెండెంటు ప్రతిదీ రెండుసార్లు అడిగాడు. మంచానికి కమ్మీలు పైకెత్తారా? ఎత్తామంది వార్డు సిస్టర్, అతనే దించుకున్నాడంది. లేవొద్దని చెప్పారా? చెప్పాం. పక్కన మనిషున్నారా?

"లేరు," అంది వార్డు సిస్టర్. షాపుకి పంపింది తానేనన్న మాట ఆమె చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"అదే వచ్చింది చిక్కు," అన్నాడు సూదిసారు నిట్టూర్చి. "పేషెంటు దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాలని మేం మొత్తుకుంటూనే ఉంటాం. వీళ్ళు వినరు. పాపం, ఆ అమ్మాయిని తప్పుపట్టడం కాదు గానీ."

తప్పుపట్టడం కాదు గానీ అంటూనే తప్పు ఎవరి నెత్తిన పెట్టాలో పెట్టేశాడు. సూపరింటెండెంటుకి ప్రాణం తేలికపడింది. ఆసుపత్రి తప్పేం లేదు, ఇంటివాళ్ళ అజాగ్రత్త. ఇక లేవబోతూ, మర్యాదకి అడిగినట్టు నర్సు వైపు తిరిగాడు. "నువ్వేమైనా చెప్పేదుందా?"

ఫ్యాను తిరుగుతోంది. సూదిసారు తన కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంటున్నాడు, ఎంతో ఓపిగ్గా, ఒక్కొక్క మూలా.

"లేదు సార్."

బయటికొచ్చాక ఆయన ఆమె భుజం తట్టాడు. "ఈసారి పర్మనెంటు చేసేవాళ్ళలో నీ పేరే ముందు చెప్తాను. మంచి చెయ్యి నీది."

ఇంటికెళ్ళి ఆమె కంచం ముందు కూర్చుని వేళ్ళతో అన్నంలో గీతలు గీస్తుంటే, తల్లి గమనించింది. తల్లి ఒక ఆఫీసులో గదులు ఊడుస్తుంది. కూతురి తెల్ల కోటు ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే ఉతికి, తనే ఆరేస్తుంది. సంగతంతా విని, కంచం కాస్త ముందుకి జరిపింది.

"ఆ డ్రైవరు పెళ్ళాం, ఆ పిల్ల, నీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"డాక్టరు?"

"ఆయన మాత్రం ఏమవుతాడు?"

"అన్నం పెట్టేవాడవుతాడు. తిను ముందు." తల్లి లేచి గిన్నెలు తోమింది. తోమినవే మళ్ళీ తోమింది. గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆ పిల్లకి తల్లి ఉందా?"

"తెలీదమ్మా. అడగలేదు."

"అన్నీ చదివావు గానీ, అడగడం మాత్రం నేర్వలేదు," అని తల్లి దీపం ఆర్పేసింది.

రెండో ఆపరేషనుకి వాపు తగ్గాలని ఇంకో రోజు ఆగారు. థియేటర్లోకి వస్తూనే డ్రైవరు నర్సుని చూసి తల ఊపాడు. నవ్వించలేదు.

ఇవాళ సూదిసారు ఎన్నడూ లేనంత పద్ధతిగా ఉన్నాడు. ఎముకల డాక్టరు వచ్చేదాకా ఆగాడు. దుప్పటి పూర్తిగా తీయించాడు. స్టూలు తనే అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. అందరూ వినేలా గొంతు పెంచి, "అమ్మాయ్, అడుగు! సూది వేసేముందు ఏ కాలో అడగాలా, వద్దా? ఎన్నిసార్లు చెప్పాలి మీకు?" అన్నాడు.

ఆమె మొహంలోకి రక్తం పోటెత్తింది. వంగి, డ్రైవరు చెవి దగ్గర అడిగింది. "ఏ కాలికండీ ఆపరేషను?"

డ్రైవరు పైకప్పు లైటు వంక చూస్తూ పడుకున్నాడు. "ఇప్పుడు ఏదైతేనేం నర్సమ్మా. రెండూ మీవే."

ఎముకల డాక్టరు ఫక్కున నవ్వాడు. సూదిసారు కూడా నవ్వాడు. "హుషారైన మనిషి," అన్నాడు. నర్సు సిరంజిలోకి మందు ఎక్కించుకుంది. లాగమన్నప్పుడు లాగింది. తొయ్యమన్నప్పుడు, కాలి వైపు ఒకసారి చూసి, తోసింది.

వార్డుకి ఆమే తీసుకెళ్ళింది. మంచం మీదకి మార్చి, కుడి కాలి కింద దిండు పెట్టి, ఎడమ కాలి కట్టు సర్దింది. భార్య ఒక పక్క, తల్లి ఒక పక్క. మధ్యలో అతను భార్య ఉన్న వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు. వార్డు సిస్టర్ అప్పగింతకి వచ్చి నిలబడింది.

"కుడి కాలికి మత్తు," అంది నర్సు. అక్కడితో అయిపోవాలి. రోజూ అక్కడితోనే అయిపోతుంది. "మొన్న కూడా కుడి కాలికి మత్తు ఉంది."

"మొన్న ఎడమ కదా," అంది వార్డు సిస్టర్.

"రెంటికీ. ముందు పొరపాటున కుడి కాలికి వేశాం. తర్వాత ఎడమకి. అది నీకు చెప్పలేదు నేను. మంచి కాలి మీద నిలబడమని నువ్వు చెప్తుంటే విని కూడా వెళ్ళిపోయాను. ఆ పాదంలో స్పర్శ లేదు, అందుకే పడ్డాడు." ఆమె భార్య వైపు తిరిగింది. "నువ్వు పక్కనున్నా పడేవాడే అక్కా. నీ వల్ల కాదు."

వార్డు సిస్టర్ చేతిలోని బీపీ మిషను గొట్టం జారి మంచం కమ్మీకి కొట్టుకుంది. భార్య చాలాసేపు నర్సు మొహంలోకి చూసింది. తిడుతుందనుకుంది నర్సు, తిట్టాలని కూడా కోరుకుంది. కానీ ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా. ఆ కాలు మొద్దుబారి ఉందని నీకు తెలీదా?"

అతను దుప్పటి అంచు పైకి లాక్కున్నాడు.

"నిన్నే. తెలుసా, తెలీదా?"

"తెలుసు," అన్నాడు. "తగ్గిపోతుందని నర్సమ్మ చెప్పింది. ఎత్తితే లేచింది, తగ్గిందనుకున్నా."

"నేను షాపుకెళ్తూ ఏం చెప్పాను? వచ్చేదాకా దిగొద్దని చెప్పానా, లేదా?"

"చెప్పావు."

"మరి మీ అమ్మ నన్ను నలుగురిలో అన్నేసి మాటలంటుంటే ఇక్కడికి వినపడుతూనే ఉందిగా? అది దిగొద్దనే చెప్పిందమ్మా అని ఒక్క మాట నోట్లోంచి రాలేదేం?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "నన్నెవరూ అడగలేదు," అన్నాడు చిన్నగా.

భార్య తల ఊపింది. లెక్క ఇప్పటికి తేలినట్టుగా ఊపింది. "అయితే నీకూ తెలుసు. ఈవిడకీ తెలుసు. సిస్టర్‌కీ తెలుసు, నన్ను పంపింది తనే కాబట్టి. తెలీందల్లా నాకే. మూడు రోజుల్నుంచీ నేనే కాలు విరిచానని ఏడుస్తున్నా." అత్త వైపు చూపించింది. "ఆవిడకి చెప్పండి నర్సమ్మా. నాకు చెప్పినట్టు కాదు. గట్టిగా చెప్పండి. ఆవిడకి సరిగ్గా వినపడదు."

నర్సు ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. చెప్పింది. "ఆఁ?" అంది ముసలావిడ, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. నర్సు ఇంకాస్త గొంతు పెంచింది. "ఆఁ? ఎవరి కాలు?" నర్సు అరిచింది. తప్పు కాలికి సూది వేశామని, తోసింది తానేనని, దాచిపెట్టామని, కోడలిది తప్పు కాదని, వార్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా వినపడేలా అరిచింది. పక్క మంచాల మీదవాళ్ళు లేచి కూర్చున్నారు. ఎవరో చెంచా పక్కన పెట్టారు. గుమ్మంలో రౌండ్సుకి వచ్చిన సూదిసారు అలాగే నిలబడిపోయాడు.

ముసలావిడకి ఈసారి వినపడింది. అందరూ ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ కోడల్ని పైనుంచి కింద దాకా చూసింది.

"అవన్నీ పెద్ద పెద్ద చదువుల సంగతులు, నాకెందుకమ్మా," అంది. "ఇది పక్కనుంటే వాడు లేచేవాడా?"

కోడలు నవ్వింది. ఏడుపు కన్నా అధ్వానంగా ఉంది ఆ నవ్వు. మంచం కింద నుంచి తన సంచీ లాగింది. అందులోంచి మొగుడి తువ్వాలూ, గ్లాసూ తీసి మంచం అంచున పెట్టింది. మిగతాది చంకన తగిలించుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు డ్రైవరు. మూడు రోజుల్లో తనంతట తానుగా అతను ఆమెని అడిగిన మొదటి మాట.

ఆమె సంచీ పైకి ఎగలాక్కుంది. సూదిసారు పక్కనుంచే, ఆయన తప్పుకునేదాకా ఆగి, బయటికి నడిచింది. "ఏయ్! చెప్పకుండా ఎక్కడికే పోతావ్? ఏయ్, నిన్నే!" అంటూ ముసలావిడ ఆయాసపడుతూ వెనకే పోయింది. వరండాలో ఆవిడ కేకలు దూరమయ్యాయి.

సూదిసారు రెండడుగులు లోపలికి వేశాడు. ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"అమ్మాయ్, నా గదికి రా. ఇప్పుడే."

నర్సు మంచం కమ్మీలు రెండు వైపులా పైకెత్తి గడియ పెట్టింది. కింద నుంచి స్టూలు లాక్కుని, డ్రైవరు పక్కన కూర్చుంది.

"రాలేను సార్," అంది. "పేషెంటు దగ్గర మనిషి లేరు."